దూరపు కొండలు, దగ్గరి దారి

నర్సీపట్నాన్ని చూడాలని నర్సీపట్నం వచ్చేవాళ్లు తక్కువ. నర్సీపట్నం మీదుగా ఇంకెక్కడికో పోయేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ. ఊరికి వాయవ్యంగా తూర్పు కనుమలు మొదలవుతాయి. డౌనూరు దాటితే ఘాట్, ఘాట్ ఎక్కితే లంబసింగి, ఆ పైన చింతపల్లి, ఇంకా లోపలికి గూడెం. మైదానం వాళ్లు మన్యంలో కాలుపెట్టాలన్నా, మన్యం వాళ్లు చింతపండో పసుపో తెచ్చి అమ్ముకోవాలన్నా నర్సీపట్నమే గుమ్మం.

రెండు వందల ఏళ్లలో ఈ గుమ్మం తొక్కినవాళ్లను వరసగా నిలబెడితే చిత్రమైన గుంపు తయారవుతుంది. శివరాత్రి స్నానానికి వచ్చిన భక్తులు, శిస్తు లెక్కలు చూసుకోవడానికి వచ్చిన కలెక్టర్లు, తుపాకులతో వచ్చిన సిపాయిలు, పిట్టల కోసం వచ్చిన శాస్త్రజ్ఞులు, ఎర్రమట్టి తవ్వి చూసిన గనులవాళ్లు, కెమెరాలతో దిగిన సినిమావాళ్లు, చివరికి సెల్‌ఫోన్లు పట్టుకొచ్చిన కుర్రకారు. కొండలు అవే, మంచు అదే. చూసి వెళ్లినవాళ్లు చెప్పిన మాటలకు మాత్రం పొంతన కుదరదు. ఒకరికిది జ్వరాల అడవి, మరొకరికి పితూరీల గడ్డ, ఇంకొకరికి బాక్సైట్ నిధి, ఇప్పటివాళ్లకు ‘ఆంధ్రా కశ్మీర్’.

దూరపు కొండలు నునుపని సామెత. ఈ కొండల నునుపూ గరుకూ మాత్రం చూసేవాడు ఎక్కి వచ్చిన దారిని బట్టే తేలాయి. ఇక్కడ ఎవరూ చూడవచ్చేవాళ్ల కోసమని దారి వేయలేదు. శిస్తు కోసం, కలప కోసం, పోలీసుల కోసం, ఖనిజం కోసం వేసిన దారుల మీదే సందర్శకులు కూడా నడిచారు. ఏ పని మీద వేసిన దారో ఆ పనికి పనికొచ్చేదే కంటికి ఆనింది. ఈ సంగతి మనసులో పెట్టుకుని వెనక్కి చూస్తే, మన్యం గురించి పేరుకుపోయిన మాటల్లో కొండల సంగతి ఎంతో, వచ్చినవాళ్ల సంగతి ఎంతో విడదీసి చూడవచ్చు.

పుణ్యం చూపు

అందరికంటే ముందు వచ్చినవాళ్లు భక్తులు. నర్సీపట్నానికి దగ్గర్లోనే బలిఘట్టం ఉంది. వరాహ నది అక్కడ కొంతమేర ఉత్తరంగా తిరిగి పారుతుంది. ఒడ్డున బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి. బలి చక్రవర్తి యజ్ఞం చేసిన చోటని స్థలపురాణం. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. నది ఎంత అందంగా ఉందన్నది భక్తుడికి పట్టదు, ఏ దిక్కుకు పారుతోందన్నదే పడుతుంది. ఉత్తరవాహిని కనుక స్నానానికి ఫలం ఎక్కువ. అక్కడికి యాత్ర పూర్తి. నది వెనకాల కనబడే కొండల్లోకి వెళ్లాలన్న ఆలోచన ఆ యాత్రలో లేదు.

చదువుకున్న యాత్రికుల దారి కూడా కొండలకు ఎడంగానే సాగింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో సత్రాలు, నీటి వసతి, అంగళ్లు, కులాలు, ధరలు అన్నీ ఏ రోజుకారోజు రాసుకున్నాడు. 1838లో అచ్చయిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో యాత్రా రచనకు మొదటి మెట్టు. తిరుగు ప్రయాణంలో ఆయన జగన్నాథం చూసుకుని శ్రీకాకుళం, సింహాచలం, విశాఖపట్నాల మీదుగా తీరం వెంబడి దక్షిణానికి దిగాడు. మన్యం కొండలన్నీ కుడిచేతి వైపు ఉండిపోయాయి. సత్రం లేని చోటికి, దేవుడు పిలవని చోటికి ఆ కాలపు యాత్రికుడు వెళ్లడు.

సరిగ్గా అదే 1830లో జపాన్‌లో లక్షలాది మంది ఇసే పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లారు. ఎడో పాలనలో సామాన్యుడు ఊరు దాటాలంటే అనుమతి పత్రం కావాలి, దారిలో తనిఖీ చౌకీలు దాటాలి. తీర్థయాత్ర అంటే అనుమతి సులువుగా దొరికేది. ఆ వంకతో జనం క్యోటో, ఒసాకా, నారా కూడా చుట్టి వచ్చేవాళ్లు. వాళ్లు నడిచిన తొకాయిదో రహదారి షోగన్ పాలన కోసం, సామంత ప్రభువుల ఊరేగింపుల కోసం ఏర్పాటైంది. ప్రభువుల దారి మీదే వినోదం కూడా నడిచిందన్నమాట. తేడా ఏమిటంటే, అక్కడ దారి పొడవునా బస ఊళ్లు వెలిశాయి. చూడదగ్గ చోట్ల మీద బొమ్మల పుస్తకాలు అచ్చయ్యాయి. క్యోటో దర్శనీయ స్థలాల సచిత్ర గ్రంథం 1780లోనే వచ్చింది. 1830లలో హిరోషిగే ఆ దారిలోని 53 మజిలీలను రంగుల ముద్రణలో ఇంటింటికీ చేర్చాడు. ఊరు చూడటం అక్కడ ఒక చదువైంది. మన కొండల వైపు వచ్చేసరికి ఆ చదువుకు జ్వరం అడ్డుపడింది.

శిస్తు చూపు, జ్వరం చూపు

నర్సీపట్నం అప్పట్లో గొలుగొండ తాలూకాకు కేంద్రం. గొలుగొండ జమీందారీ పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలోనే కంపెనీ చేతికి వచ్చింది. కొండలు మాత్రం చేతికి రాలేదు. ముఠాలనే ఊళ్ల గుంపుల మీద ముఠాదారుల పాలన, పోడు సేద్యం, వరస పితూరీలు. మైదానం చట్టాలు అక్కడ నడవవని తేలాక 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను విడదీసి ఏజెన్సీ అన్నారు. ఇప్పటికీ విశాఖ ప్రాంతంలో ‘ఏజెన్సీ’ అంటే కొండలే.

ఈ దశలో వచ్చిన దొరల చూపు రెండు పుస్తకాల్లో దొరుకుతుంది. ఒకటి 1869లో డి.ఎఫ్. కార్మైకేల్ తెచ్చిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్. రెండోది 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన గెజిటీర్. గుళ్లు, నదులు, సంతలు, తెగలు, పంటలు అన్నిటినీ వాళ్లు శ్రద్ధగా నమోదు చేశారు. ఆ శ్రద్ధకు ఇవాళ్టి చరిత్రకారులు రుణపడి ఉన్నారు. కానీ అవి పాలకుడి అవసరానికి రాసినవి. ఏ ముఠా ఎంత కడుతుంది, ఏ అడవిలో ఏ కలప ఉంది, ఏ దారిన సైన్యం ఎక్కగలదు అన్నవే వాటి వెనకనున్న ప్రశ్నలు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నరికే కొండవాడు అధికారి కంటికి నేరస్తుడయ్యాడు.

ఇంకో ప్రశ్న తరచూ వినబడుతుంది. ఇంత చల్లని కొండలు ఉండగా తెల్లదొరలు ఇక్కడొక ఊటీ ఎందుకు కట్టుకోలేదు? నీలగిరుల్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1820లలోనే ఊటీకి పునాది వేశాడు. విశాఖ కొండల్లోనూ ప్రయత్నం జరగకపోలేదు. అనంతగిరి వైపు గాలికొండ మీద సైనికులకు ఆరోగ్య విడిది పెట్టాలని పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చూశారు. ఆరోగ్యం కోసం పంపిన మనుషులే జ్వరంతో పడ్డారు. ఆ ఆలోచన అంతటితో ఆగింది. నీలగిరులు ఏడు వేల అడుగుల ఎత్తున ఉంటే ఇవి మూడు నాలుగు వేల అడుగుల దగ్గర ఉన్నాయి. ఆ ఎత్తులో చలీ ఉంటుంది, మలేరియా దోమా ఉంటుంది. దోమ సంగతి సైన్సుకు తెలియని రోజుల్లో ‘మన్యం గాలి పడదు’ అన్న మాట స్థిరపడిపోయింది. బదిలీ మీద ఏజెన్సీకి వేస్తే దాన్ని శిక్షగా లెక్కపెట్టుకునే అలవాటు సర్కారీ నౌకర్లలో చాలాకాలం పోలేదు.

ఉండిపోయిన యాత్రికుడు

వచ్చినవాళ్లందరిలో ఒక్కడు వేరు. భీమవరం ప్రాంతపు కుటుంబంలో, 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టిన అల్లూరి శ్రీరామరాజు (జనం నోట సీతారామరాజు) కూడా మొదట యాత్రికుడే. 1916లో ఉత్తరదేశమంతా తిరిగాడు. 1917లో కృష్ణదేవిపేట చేరాడు. నర్సీపట్నానికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన, తాండవ ఒడ్డున ఉన్న ఊరది. అక్కడి నీలకంఠేశ్వరస్వామి గుడి దగ్గర తపసు, మూలికల వైద్యం, జ్యోతిషం. యాత్రికుడు ఉండిపోయాడు. ఉండిపోయినవాడికి కనబడినవి మిగతావాళ్ల పుస్తకాల్లోకి సరిగ్గా ఎక్కలేదు. పోడుకు జుల్మానాలు, అటవీ ఉద్యోగుల మామూళ్లు, అన్నిటికీ మించి రోడ్డు పని.

అది లంబసింగి రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో ఘాట్ కొట్టించారు. కొండవాళ్లను బలవంతంగా పనికి లాక్కొచ్చారు, కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురుతిరిగితే కొరడా. అడవి మీద ఆంక్షలకు ఈ వెట్టి తోడై 1922 ఆగస్టులో పేలింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాలు, 26 తుపాకులు. తీసుకున్న ఆయుధాలకు ఠాణాలోనే లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లడం ఆ ముట్టడికి ప్రత్యేకత. దొంగతనంగా ఎత్తుకుపోలేదని, అధికారికి అధికారి రసీదు ఇచ్చినట్టుగా ఇచ్చామని చెప్పడం అందులోని భావం.

అప్పుడు నర్సీపట్నం గుమ్మం గుండా వచ్చిన వాళ్లు మలబారు స్పెషల్ పోలీసులు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్. వాళ్ల కళ్లకు ఈ ఘాట్లు పొంచి ఉండే మలుపులుగానే కనబడ్డాయి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు ఆ మలుపుల్లోనే పడిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపిన రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఈ రెండు చోట్లనూ ఒకే రోజు చూడటం చరిత్ర విద్యార్థికి మంచి పాఠం. కృష్ణదేవిపేట సమాధికి పార్కు ఉంది, విగ్రహం ఉంది, జూలై 4న, మే 7న దండలు ఉన్నాయి. బడిపిల్లలు బస్సుల్లో దిగుతారు. మాస్టారు చూపించిన చోటల్లా ఫోటో దిగి, బిస్కెట్ ప్యాకెట్లు విప్పుకుని చెట్ల కింద కూర్చుంటారు. నర్సీపట్నం సమాధుల దగ్గరికి బస్సులు ఆగవు. ఎవరిని తలుచుకోవాలో జనం తేల్చుకున్న తీరు అది, తప్పుపట్టడానికి లేదు. కాకపోతే ఆ రెంటి మధ్య మూడోది ఒకటి ఉంది. దానికి సమాధీ లేదు, శిలాఫలకమూ కనబడదు. అది ఘాట్ రోడ్డు. పితూరీకి కారణమైన ఆ దారి మీదే ఇవాళ సందర్శకులు పాటలు పెట్టుకుని పైకి ఎక్కుతున్నారు.

పిట్టలవాళ్లు, బాంబులవాళ్లు, ఇనుపరాయి

పితూరీ చల్లారి అయిదారేళ్లు గడిచాక వేరే రకం మనుషులు వచ్చారు. ఆర్థర్ వెర్నే ఖర్చు పెట్టగా 1929లో మొదలైన తూర్పు కనుమల శాస్త్రీయ సర్వే బృందం పక్షులను సేకరించిన చోట్లలో లంబసింగి ఒకటి. విస్లర్, కిన్నియర్ అనే ఇద్దరు పక్షిశాస్త్రవేత్తలు ఆ ఫలితాలను 1930లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరసగా ప్రకటించారు. ఈ కొండలు హిమాలయానికి, పడమటి కనుమలకు మధ్య పక్షుల మజిలీ అన్న అవగాహన అలా బలపడింది. తర్వాత విశాఖ పక్షిశాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఇదే పని దశాబ్దాల పాటు చేశాడు. ఈశాన్య భారతంలో ఉండే ఒక బాబ్లర్ పిట్ట వందల మైళ్ల ఇవతల విశాఖ కనుమల్లో దొరికితే, 1985లో రిప్లే, బీలర్ ఆ ఉపజాతికి కృష్ణరాజు పేరే పెట్టారు. మన్యాన్ని చూసినవాళ్లలో దేన్నీ తీసుకుపోవాలనుకోకుండా, ఏముందో తెలుసుకుంటే చాలనుకున్నవాళ్లు తక్కువ. వీళ్లు ఆ కొద్దిమందిలోకి వస్తారు. వాళ్ల సంచుల్లో కొన్ని పిట్టల చర్మాలు ఉన్నమాట నిజమే అయినా.

జపాన్ పేరు ఈ ప్రాంతంలో ఇంటింటికీ తెలిసింది 1942 ఏప్రిల్ 6న. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ సగం ఖాళీ అయి జనం లోపలి ఊళ్లకు పరుగు తీశారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే జపాన్ కొనుగోలుదారుగా వచ్చింది. బైలదిల్ల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసే ఒప్పందం 1960లో కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి, 58 సొరంగాలతో రైలుమార్గం వేశారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైనదిగా చాలాకాలం పేరు మోసింది.

ఆ రైలు ఎవరికీ అరకు చూపించడానికి వేసింది కాదు. ఖనిజం దించే దారి వెంట ఒక ప్యాసింజరు బండి కూడా నడిచింది. ఆ బండి కిటికీలోంచే తెలుగువాళ్లు అరకును కనుక్కున్నారు. 2017లో అద్దాల పైకప్పు బోగీలు తగిలించాక కిటికీ ఇంకా పెద్దదైంది. ఈ రైలుదారిలోనే ఉన్న బొర్రా గుహల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1807లో వాటిని కనుగొన్నాడని గైడ్లు చెబుతారు, పుస్తకాలూ రాస్తాయి. ఆ శాఖ పుట్టిందే 1851లో. పర్యాటక సమాచారం ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూపోతే ఇలాగే ఉంటుంది. ఇంతకీ గుహలు కొండవాళ్లకు ముందునుంచీ తెలుసు.

నర్సీపట్నానికి ఈ రైలు యోగం పట్టలేదు. మద్రాసు-హౌరా లైను మీద ‘నర్సీపట్నం రోడ్’ అని స్టేషన్ ఉంది, ఊరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. అరకుకు సందర్శకులు 1970ల నుంచే అలవాటుపడితే, లంబసింగి వైపు మరో ముప్పై నలభై ఏళ్లు ఎవరూ తొంగిచూడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. రైలు దిగిన చోట కొండ కనబడితే కుటుంబాలు వస్తాయి. దిగి, బస్సు మారి, మళ్లీ జీపు ఎక్కాలంటే పని ఉన్నవాడే వస్తాడు.

డీడీటీ, కాఫీ, సినిమాస్కోప్

పని ఉన్నవాళ్లు వచ్చారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై డీడీటీ కొట్టడం కొండ ఊళ్లకూ పాకాక, మన్యం గాలి పడదన్న భయం కొంత సడలింది. 1960ల నుంచి అటవీశాఖ కాఫీ తోటలు వేసింది. తర్వాత అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. గిరిజన రైతుల సొంత కాఫీ ఇంకా తర్వాతి మాట. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఓక్ మానుకు మిరియం తీగ. ఈ తోటలకు, ఆర్వీ నగర్ ఎస్టేటుకు, చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి రాకపోకలు సాగించినవాళ్లే లంబసింగి చలి గురించి మైదానంలో మొదట చెప్పుకున్నారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందులో చింతపల్లి వైపు తోటల వాటా కూడా ఉంది.

కొండలను రాష్ట్రమంతా ఒక్కసారిగా చూసింది మాత్రం తెర మీద. కృష్ణ నూరో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న విడుదలైంది. రాజు చనిపోయి యాభై ఏళ్లు నిండటానికి ఆరు రోజుల ముందు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చాలా భాగం చింతపల్లి ప్రాంతంలోనే తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు నిర్మాణం మధ్యలోనే కన్నుమూశాడు. కథ జరిగిన చోటే సినిమా తీయాలన్న పట్టుదలకు తెర వెడల్పు కలిసొచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్లు రాజునీ, రాజు వెనక కొండనీ ఒకే చట్రంలో చూశారు. మన్యం అంటే జ్వరమన్న తలపు పోయి, మన్యం అంటే వీరుడన్న తలపు స్థిరపడింది. ఇదీ ఒక చూపే. ఇందులో కొండవాడికి దక్కింది వీరుడి వెనక నిలబడే పాత్ర. గాం గంటందొర, మల్లుదొరల పేర్లు తలిచేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

మళ్లీ భయం

1980ల నుంచి మూడు దశాబ్దాలు ఈ దారులు మళ్లీ తుపాకుల పాలయ్యాయి. 1987 డిసెంబరులో గుర్తేడులో ఎస్.ఆర్. శంకరన్ సహా ఐఏఎస్ అధికారుల అపహరణ నుంచి 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టులో ఎమ్మెల్యే, మాజీ ఎమ్మెల్యేల హత్య దాకా, మన్యం పేరు పత్రికల్లో వచ్చిందంటే చాలావరకు ఇలాంటి వార్తలతోనే. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కేవాళ్లు ఉండేవాళ్లు కాదు. పోలీసుకు, నక్సలైటు దళానికి మధ్య నలిగిన ఊళ్ల సంగతి పై నుంచి వచ్చినవాడి కంటికి ఆనలేదు.

ఇదే కాలంలో గనులవాళ్ల చూపు కూడా పదునెక్కింది. జెర్రెల, చింతపల్లి కొండల్లోని ఎర్రమట్టి కింద బాక్సైట్ ఉంది. 2015 నవంబరులో తవ్వకాలకు వీలిచ్చే జీవో 97 వచ్చింది. గిరిజనులు ఒప్పుకోలేదు. 2019లో అది రద్దయింది. గనుల నివేదికలో టన్నులుగా లెక్కకొచ్చిన కొండే, కింద ఊరివాళ్లకు ఊటనీళ్ల కొండ. బాక్సైట్ పొర వాన నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వాగుల్లోకి వదులుతుంది. ఎండాకాలంలోనూ ఆరని వాగులకు ఆ పొరే ఆధారం. ఆ పొరను తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి కొండవాళ్లకు పుస్తకం అక్కర్లేకపోయింది.

మంచు చూపు

భయం కొంత తగ్గింది, రోడ్డు బాగుపడింది, చేతికి కెమెరా ఫోన్ వచ్చింది. ఈ మూడూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. 2012 ప్రాంతంలో లంబసింగి ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరైందన్న వార్తలు వచ్చాక శీతాకాలపు జాతర మొదలైంది. మూడు వేల అడుగుల ఎత్తుకే ఇంత చలి ఎందుకంటే, ఊరు చుట్టూ కొండలున్న పళ్లెంలో ఉంది. మబ్బులేని, గాలి కదలని రాత్రి నేల వేడి పైకి పోతుంది. చల్లబడ్డ బరువైన గాలి వాలుల మీంచి దిగి లోయలో నిలుస్తుంది. తెల్లవారేసరికి అందులోని తేమ మంచుగా పేరుకుంటుంది. ఆ లోయను పై నుంచి చూస్తే పాలసముద్రం. అందుకే చెరువులవేనం కొండకు అంత గిరాకీ.

డిసెంబరు శనివారం అర్ధరాత్రి నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర నిలబడితే ఈ కొత్త యాత్ర స్వరూపం తెలిసిపోతుంది. విశాఖ, అనకాపల్లి, తుని వైపు నుంచి వచ్చిన బైకులు టీ కొట్ల ముందు ఆగుతాయి. మంకీ క్యాపులు, చేతికి సాక్సులు, ఒక్కో బండి మీద ఇద్దరు. నాలుగింటికి చెరువులవేనం కింద పార్కింగ్ దొరకదు. పైన గుడారాలు, చలిమంటలు, ప్లాస్టిక్ కప్పుల్లో టీ, కొండ వాలులో పండించిన స్ట్రాబెర్రీలు చిన్న డబ్బాల్లో. సూర్యుడు వచ్చేలోపు వందల ఫోన్లు ఒకేవైపు లేస్తాయి. ఎనిమిదింటికి పాలసముద్రం విడిపోతుంది, జనమూ విడిపోతారు. దారిలో తాజంగి రిజర్వాయరు, ఓపిక ఉంటే కొత్తపల్లి జలపాతం. 2020 తర్వాత పాడేరు దగ్గర వంజంగి కొండ కూడా ఈ వరసలో చేరింది. జనం పోయాక మిగిలిన కప్పులు, సీసాలు ఏరేది ఆ ఊరివాళ్లే.

ఇక్కడ సందర్శకులు పెద్దగా పట్టించుకోని విశేషం ఒకటుంది. ఇంత గిరాకీ ఉన్నా కొండ మీద పెద్ద పెద్ద ప్రైవేటు హోటళ్లు బారులు తీరలేదు. కారణం 1970 నాటి భూబదలాయింపు నిబంధన, జనం మాటలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి తప్ప ఎవరికీ బదలాయించకూడదు. అనంతగిరి మండలపు గనుల లీజుల మీద పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత గట్టిపరిచింది. పర్యాటకశాఖ హరిత రిసార్టు ఒకవైపు, స్థానిక కుర్రాళ్లు తమ పొలాల్లో వేసే గుడారాలు మరోవైపు. బినామీల బెడద లేదని కాదు. అయినా ఊటీలో స్థానికుడి చేయి దాటిపోయిన నేల ఇక్కడ ఇంకా స్థానికుడి పేర ఉంది. ఒకప్పుడు జ్వరం చేసిన కాపలా ఇప్పుడు చట్టం చేస్తోంది.

గుంపును ఏం చేయాలి

గుంపు బాధ మనకొక్కరికే లేదు. వందల ఏళ్లుగా ఊరు చూడటాన్ని పద్ధతిగా నేర్చుకున్న జపాన్ కూడా తల పట్టుకుంటోంది. క్యోటోలో గియోన్ పేటలో గైషాల వెంటపడి ఫోటోలు తీసేవాళ్లతో విసిగి 2024లో ప్రైవేటు సందుల్లోకి సందర్శకులు రాకుండా కట్టడి చేశారు, కాదంటే పది వేల యెన్‌ల జరిమానా. అదే ఏడాది ఫుజి కొండ కనబడే ఫుజికవాగుచికోలో ఒక దుకాణం ఎదుట గుంపు ఆగకుండా నల్లటి వల అడ్డంగా కట్టి, మూడు నెలలకు తీసేశారు. ఫుజి మీది యోషిదా దారిలో రోజుకు 4,000 మందికే అనుమతి, దానికి రుసుము. మూడింటిలో నిలిచేది ఏదో ఊహించడం కష్టం కాదు. వల కట్టడం కోపం, సందు మూయడం తప్పనిసరి, సంఖ్యకు హద్దు పెట్టడం వివేకం. చెరువులవేనానికి, వంజంగికి కావలసింది ఆ మూడోదే. ఎంతమందిని కొండ మోయగలదో లెక్కగట్టి, రుసుము ఊరి గ్రామసభకు చెందేలా చేస్తే, చెత్త ఏరే చేతికే డబ్బూ అందుతుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక గుమ్మం ఒక జిల్లాలో, ఇల్లు మరో జిల్లాలో పడ్డాయి. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకు వెళ్లింది. లంబసింగి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. వచ్చే గుంపును నిలిపి లెక్కపెట్టే చోటు ఒకరిదీ, భరించే చోటు మరొకరిదీ. ఈ రెండు కలెక్టరేట్లు శీతాకాలానికి ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే ఏ పథకమూ ఘాట్ ఎక్కదు.

రెండు వందల ఏళ్ల లెక్క చూసుకుంటే ఒక మార్పు స్పష్టం. ఈ దారిన వచ్చేవాళ్లలో ఎక్కువమంది కేవలం చూడటానికే రావడం ఇదే మొదటిసారి. వాళ్లు శిస్తు అడగరు, వెట్టి చేయించరు, కొండ తవ్వరు. వాళ్లకు కావలసింది రెండు గంటల మంచు. అందులో తప్పులేదు. లోటు ఒక్కటే. కార్మైకేల్ తెచ్చినా, వెర్నే బృందం చూసినా, కృష్ణ తీసినా, యూట్యూబ్ కుర్రాళ్లు తీస్తున్నా, చూసినవాళ్లంతా బయటివాళ్లే. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు తమ కొండను తాము చూసిన తీరు ఈ దొంతరలో ఇంకా చేరలేదు. తాజంగి దగ్గర తలపెట్టిన గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం ఆ పని కొంత చేయవచ్చు. అక్కడ ముఠాల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా గోడ మీద ఉండాలి.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఇంకొకటి ఉంది. క్యోటోలో నడుస్తుంటే వీధి మలుపుల్లో చిన్న చిన్న రాతి గుర్తులు తగులుతుంటాయి. ఫలానా ఇల్లు ఇక్కడుండేది, ఫలానా సంఘటన ఇక్కడ జరిగింది అని. అలాంటి రాయి ఒకటి డౌనూరు దాటాక, ఘాట్ మొదట్లో నిలబెట్టాలి. ఈ రోడ్డు ఎవరి చేతులతో, ఏ కూలికి, ఏ అధికారి హయాంలో వేశారో, దానివల్ల 1922 ఆగస్టులో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో తెలుగులో చెక్కాలి. వన్ ఆఫ్ సెవెంటీ అడ్డురాదు, టెండర్ల గొడవ ఉండదు. బైకులు ఎలాగూ అక్కడ ఒకసారి ఆగి గేరు మార్చుకోవాల్సిందే.